ఒయెల్లా అలసట

"సోమవారం దాకా ఎందుకు నాలోంగో? ఇవాళే మీ డైరెక్టరుకు ఫోను చేసి వద్దని చెప్పేయరాదూ, ఓ పని అయిపోతుంది," అంటూ వంటింటి గుమ్మం ముందునుంచే వెళ్లిపోయాడు సెమ్మాండా. వంటిల్లు అతడు అడుగుపెట్టే చోటు కాదు.

నసూనా కుండను దగ్గరికి లాక్కున్నది. ఒలిచిన పచ్చి అరటికాయలను వాడ్చిన అరటాకుల్లో మూటకట్టి, కుండలోకి దించి, పైన మరికొన్ని ఆకులు కప్పి అంచులు చుట్టూ దోపింది. ఎక్కడ సందు మిగిలినా ఆవిరి పోతుంది. ఆవిరి పోతే మటోకే ముద్ద గట్టిపడుతుంది. గట్టిపడితే మధ్యాహ్నం భోజనానికి వచ్చే అత్తగారు మొదటి ముద్దకే, "మా నాలోంగోకు ఆకాశంలో మబ్బులు తెలుసు గానీ కుండలో ఆవిరి తెలియదమ్మా," అంటుంది. కవలలను కన్ననాటినుంచి ఆమె అందరికీ నాలోంగో, భర్త సెమ్మాండా సాలోంగో. ఆ పిలుపులు గౌరవానికే. ఆ కవలలు కూడా ఇప్పుడు హాస్టల్లో ఉన్నారు. ఇంట్లో ఆమె చేత తినిపించుకోవలసిన పిల్లలెవరూ లేరు, తినేవాళ్లంతా పెద్దవాళ్లే.

వద్దని చెప్పవలసింది కబాలె కొండల్లోని వాతావరణ కేంద్రానికి అధికారి పదవిని. ఎంటెబ్బే ఆఫీసులో మబ్బులను చదవడం ఆమె దగ్గర నేర్చుకున్న మగవాళ్లు ఎప్పుడో అధికారులయ్యారు. ఆమె వంతు ఇన్నాళ్లకు వచ్చింది. మొన్న అంట్లు తోముతూ ఎందుకో, "అలసిపోయాను సాలోంగో," అని ఒక్క మాట అన్నది. అతడు దాన్నే జవాబుగా తీసుకుని బంధువులందరికీ చెప్పుకున్నాడు.

కుండ సన్నగా గుసగుసలాడసాగింది. నసూనా చాప మీద కూర్చుని, స్నేహితురాలు నకివాలా పంపిన పాత పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకున్నది. టాక్సీ స్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికిందట. "మన పాపిష్టి అయిదో పుస్తకమే! నువ్వు దీన్ని కిటికీలోంచి విసిరేస్తే సిస్టరు మనందరి చేతా తోట ఊడ్పించింది, గుర్తుందా తల్లీ?" అని ఫోనులో పగలబడి నవ్వింది.

గుర్తులేకపోవడమేమిటి! కాన్వెంటు హాస్టలు మొత్తానికి ఆ వరస నవలల్లో ఒక్కోదానికి ఒక్కటే ప్రతి వచ్చేది. వెన్ను కుట్టు విప్పి, ముక్కలు చేసి, మంచం నుంచి మంచానికి అందించుకుంటూ చదివేవారు. అంతరిక్ష నౌకకు కెప్టెను ఒయెల్లా. మొదటి నాలుగు పుస్తకాల్లోనూ ఆమె ఉల్కల వానలో నౌకను నడిపింది, సూర్యుడి అంచును రాసుకుంటూ పోయింది. ఆ రోజుల్లో అమ్మాయిలంతా ఒయెల్లా లాగే గడ్డం పైకెత్తి నడిచేవారు. అయిదో పుస్తకంలో నౌక ఒక మంచు గ్రహం మీద చిక్కుబడిపోతుంది. యుద్ధం లేదు, వేగం లేదు. చివరికి ఒయెల్లా తన ఆసనాన్ని ఒక కొత్త మనిషికి అప్పగిస్తుంది. ఆ పేజీ దగ్గరే పదమూడేళ్ల నసూనా పుస్తకాన్ని విసిరికొట్టింది.

ఇప్పుడు మెల్లగా చదువుతున్నది. కుండ ఆవిరికి అక్షరాలు కాస్త మెత్తబడినట్టున్నాయి. కిటికీ అవతల సరస్సు మీది పొగమంచు తోటలోకి పాకుతున్నది. ఆ గ్రహపు మంచు ఏదో, ఈ మంచు ఏదో తేడా తెలియడం లేదు. ఒయెల్లా గరిటెతో వేడివేడి సూపు పోస్తున్నది. గాయపడిన వాళ్ల నుదుటి మీద చెయ్యి వేస్తున్నది. ఎవరో "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం!" అంటున్నారు. నసూనాకు హాయిగా, నిద్రలో తేలుతున్నట్టుగా ఉన్నది. ఆ పేజీ వస్తుంది, మళ్లీ కోపం వస్తుంది అనుకుంటూనే పేజీలు తిప్పింది. నౌక పైకి లేచింది. నక్షత్రాలు చుట్టూ తెరుచుకున్నాయి. నౌకను నడుపుతున్నవాడు ఆ కొత్త మనిషి.

ఆమె ఉలిక్కిపడింది. ఆ పేజీ ఎప్పుడు దాటిపోయింది?

వెనక్కి తిప్పింది. ఉన్నది, నాలుగే వరుసలు. "నువ్వు కూర్చో. నేను అలసిపోయాను," అంటుంది ఒయెల్లా. ఇందాక ఆ వరుసలను చదివింది. చదివి, పాపం నిజమే కదా అని తల కూడా ఊపింది.

తల ఊపిన సంగతి గుర్తుకు రాగానే పుస్తకాన్ని మళ్లీ మొదటి పేజీకి తిప్పింది. ఒయెల్లా ఎక్కడ అలసిపోయిందో చూద్దామని మొదటినుంచీ వెతికింది. ఉల్కల వానలో అలసిపోని మనిషి! వంట ఆమెదే, కట్లు కట్టడం ఆమెదే, రాత్రి కాపలా ఆమెదే. గరిటె మరొకరు పట్టుకున్న పేజీ ఒక్కటీ లేదు. "లేవండి, ఇవాళ మేం చేస్తాం," అన్న నోరు ఒక్కటీ లేదు. ఆసనాన్ని అడిగిన వాడు కూడా ఎవడూ లేడు; ఊరికే సూపు తాగుతూ కూర్చున్నారు, అంతే. ఆ అలసట ఎక్కడినుంచి వచ్చిందో రాసినవాడికి తోచలేదు. చిన్నప్పుడు నసూనా కోపం ఒయెల్లా మీద. ఇప్పుడు ఆ సూపు తాగిన ప్రతి ఒక్కరి మీదా కోపం వచ్చింది.

మధ్యాహ్నం మటోకే మెత్తగానే వచ్చింది. అత్తగారు, ఆడపడుచు, సెమ్మాండా చుట్టూ కూర్చున్నారు. నసూనా ఆనవాయితీ ప్రకారం మోకాళ్ల మీద నిలిచి వడ్డిస్తున్నది.

"మంచి పని చేశావమ్మా వద్దని. ఆ కొండల్లో ఒంటి ఆడదానివి ఏం వేగుతావు!" అన్నది ఆడపడుచు.

"నేనెప్పుడైనా కాదన్నానా మీ వదినకు?" సెమ్మాండా నవ్వాడు. "ఆవిడే అలసిపోయానన్నది. నా మీద పెట్టకండి!"

"అలసిపోయానన్న మాట నిజమే," అన్నది నసూనా. పళ్లెం నేల మీద పెట్టింది. "మీరు ఎందుకని అడగలేదు. ఉద్యోగం చేసి అలసిపోలేదు సాలోంగో. ఆఫీసులో నేను ఏనాడూ అలసిపోలేదు."

అత్తగారి చెయ్యి ముద్ద దగ్గర ఆగింది.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు? అందరికీ చెప్పేశానుగా," అన్నాడు సెమ్మాండా గొంతు తగ్గించి.

"మీరు చెప్పింది మీరే దిద్దుకోండి. నేను రేపు పొద్దున్నే డైరెక్టరుకు, వస్తున్నానని చెబుతాను. నెలాఖరుకు కబాలె వెళతాను."

"మరి ఇక్కడ ఇల్లో?"

"ఇల్లు ఇక్కడే ఉంటుంది. మీరూ ఇక్కడే ఉంటారు."

సెమ్మాండా తల్లి వైపు తిరిగాడు. "వింటున్నావా అమ్మా? నువ్వే చెప్పు!"

ముసలావిడ ముద్దను చాలాసేపు నమిలింది. జీవితమంతా ఎంతమందికి వండిందో, ఎన్నిసార్లు ఇలా నోరు మూసుకున్నదో ఆమెకే తెలియాలి. నీళ్లు తాగి, కొడుకు వైపు చూడకుండానే అన్నది:

"కబాలెలో చలి బాగా ఎక్కువట నాలోంగో. మందపాటి దుప్పటి పెట్టుకో."