గోడ జిమ్మంటోంది

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. జగిత్యాల నుంచి కెనడాలోని బ్రాంప్టన్ దాకా రెండు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఒక్కదాన్నే వచ్చానని మా చుట్టాలంతా నా ధైర్యం గురించి గొప్పలు చెప్పుకుంటారు. 2023 ఆగస్టులో మూడు రోజులు నేను ఒక గోడకు భయపడి బతికానని వాళ్ళకేం తెలుసు!

ఆ గోడ మా ఓనరు అమరేశ్వరరావు గారి ఇంటి వెనకది. పాత ఇల్లు. గోడలన్నిటికీ పైన అల్యూమినియం రేకులు, ఇక్కడివాళ్ళు సైడింగ్ అంటారు. దాని అసలు రంగేమిటో దేవుడికే తెలియాలి. చేత్తో రాస్తే సున్నం వేసిన గోడలా అరచేతికి తెల్లపొడి అంటుకునేది. పెయింటర్లు చెప్పిన రేటు విని అంకుల్ గుండె పట్టుకున్నారు. ఆ వెంటనే బేస్‌మెంట్‌లో ఉన్న మేము గుర్తొచ్చాం.

"కాలేజీకి సెలవులేగా అమ్మా, మీరే వేసెయ్యండి. అద్దె సంగతి చూసుకుందాం" అన్నారు.

ఏం చూసుకుంటారో మేము అడగలేదు. అడిగే మొహాలా మావి? సిటీ పర్మిషన్ లేని బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలం సర్దుకుని ఉన్నాం. సెప్టెంబరు బ్యాచ్ విమానాలు దిగుతూనే ఉంది. ఒక్క పరుపు ఖాళీ అంటే చాలు, పదిమంది మెసేజీలు పెడుతున్న రోజులవి. ఆ ఇల్లు పోతే మాకు ఇంకో చోటు లేదు.

మంగళవారం నేనూ, నా రూమ్మేట్ సాత్వికా పని మొదలుపెట్టాం. ముందు గోడంతా సబ్బునీళ్ళతో కడిగి ఆ పొడి వదిలించాలి, లేకపోతే కొత్త రంగు నిలవదు. కిటికీ పక్కన ఒక రేకు ఊడి గాలికి టపటపా కొట్టుకుంటోంది. నాకు చేతులు ఊరుకోవు కదా. గ్యారేజీలో దొరికిన డబ్బాలోంచి పొడుగాటి స్క్రూలు మూడు తీసి, డ్రిల్లుతో బిగించేశాను. మూడోది దిగేటప్పుడు లోపల ఏదో మెత్తగా తగిలింది. చెక్కేలే అనుకున్నాను.

ఆ తర్వాత గోడ మీద నీళ్ళు కొట్టి స్పాంజితో తుడుస్తుంటే మోచేతి దాకా జిమ్మంది.

"ఏయ్ సాత్వికా, గోడ షాక్ కొడుతున్నదే!"

కాకినాడ పిల్ల, నవ్వేసింది. "మా ఇంట్లో ఫ్రిజ్జూ ఇంతేనే బాబూ. అమ్మ చెక్కపీట మీద నిలబడి తలుపు తీసుద్ది. చెప్పులేసుకో, ఏం అవ్వదు."

వేసుకున్నాను. నిజంగానే ఆగిపోయింది. నాకది వింతగా కూడా అనిపించలేదు, అదీ నా ఖర్మ. మా ఇంట్లో కూలర్‌ని ముట్టుకునే ముందు చేతి వెనక వైపుతో తాకి చూసే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. కరెంటంటే మాకు ఇంట్లో మనిషే. కాస్త కోపం ఎక్కువ, అంతే.

రాత్రి పడుకున్నాక మెత్తగా తగిలిన ఆ మూడో స్క్రూ గుర్తొచ్చింది. తీగలోకి దిగిందేమో! తెల్లారాక స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడ దాకా వెళ్ళాను. ఆ స్క్రూ తల మీద పెట్టడానికి ధైర్యం చాల్లేదు. వెనక్కి వచ్చేశాను.

ఇక లాభం లేదని బుధవారం అంకుల్‌కి చెప్పాను. స్క్రూ మాట మాత్రం మింగేశాను. ఆయన మిస్సిసాగా ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఎండిన గోడ మీద అరచెయ్యి ఆనించారు.

"ఎక్కడమ్మా? నాకేం తెలియట్లేదే!"

"తడిగా ఉన్నప్పుడు కొడుతున్నది అంకుల్. ఒక్కసారి ఎలక్ట్రీషియన్‌ని..."

"పిలుస్తా. వాడొస్తే పర్మిట్ అంటాడు, ఇన్‌స్పెక్షన్ అంటాడు. కిందకి దిగి మీ పరుపులు లెక్కపెడతారు. తర్వాత మీరెక్కడికి పోతారో కూడా చెప్పు, పిలుస్తా."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

నా భయమంతా శాంతమ్మ గారి గురించే. అంకుల్ వాళ్ళమ్మ. కొడుకుతో, కోడలు ఝాన్సీలక్ష్మి ఆంటీతో పైన ఉంటుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. మంచు చెమ్మ పట్టిన గడ్డి మీద నడిస్తే కళ్ళకు మంచిదని పొద్దున్నే ఉత్తకాళ్ళతో పెరట్లో తిరుగుతుంది, గోంగూర కుండీలకు నీళ్ళు పోస్తుంది. రంగు పని కోసం ఆ కుండీలను మేము పెరటి మధ్యకు జరిపాం కాబట్టి సరిపోయింది.

"బామ్మగారూ, చెప్పులేసుకోండి" అన్నాను గురువారం.

"గడ్డి మీద చెప్పులేంటే పిచ్చిదానా!" అంది.

ఎందుకో చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెబితే కొడుకుతో అంటుంది, మళ్ళీ పరుపుల మాట వస్తుంది. ఒక ముసలి ప్రాణం కన్నా పరుపు ఎక్కువైపోయింది నాకు. థూ, నా బతుకు!

శుక్రవారం పొద్దున్న స్టౌ దగ్గర టీ పెడుతున్నాను. మా బేస్‌మెంట్ కిటికీ సరిగ్గా నేల మట్టానికి ఉంటుంది. అందులోంచి మనుషులు కనబడరు, కాళ్ళే కనబడతాయి. బయట కుళాయి తిప్పిన చప్పుడైంది. కుండీలు గోడ పక్కన ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ఎవరో మళ్ళీ జరిపేశారు. కుండీల పక్కన రెండు ముడతలు పడ్డ పాదాలు, వెండి మెట్టెలు. నీళ్ళు పారి పాదాల చుట్టూ మడుగు కడుతున్నాయి. ఒక పాదం మడమ పైకి లేచింది. వంగుతోంది. వంగితే ఆ మనిషి గోడ పట్టుకుంటుంది.

"బామ్మా!" అని అరిచాను. అద్దం అవతలకు ఏం వినబడుతుంది? ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కనున్న కరెంటు ప్యానెల్ దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందకు లాగేశాను.

బేస్‌మెంటంతా చీకటైంది. ఫ్రిజ్ మూలిగి ఆగిపోయింది. కిటికీలోకి చూశాను. పాదాలు అక్కడే నిలబడి ఉన్నాయి.

అంకుల్ మెట్లు దడదడా దిగొచ్చారు. "ఎవరమ్మా మెయిన్ ఆపింది? క్లయింట్ కాల్‌లో ఉన్నాను!"

"నేనే అంకుల్. నేను కొట్టిన స్క్రూ వైర్ల దిగింది. గోడకు కరెంటున్నది. బామ్మ ఉత్తకాళ్ళతోని నీళ్ళల్ల నిలబడ్డది."

"మొన్న చూశాను కదా! ముందు వెయ్యి."

"వెయ్యను."

ప్యానెల్‌కి వీపు ఆనించి నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపారు.

ఈలోగా తడికాళ్ళతో శాంతమ్మ గారు మెట్ల మీదికి వచ్చింది. "కరెంటా? ఆ గోడకా?" అంది. మెట్టు మీదే కూలబడింది. "ఒరే, మంగళవారం సాయంత్రం దాన్ని పట్టుకుంటే భుజం దాకా లాగేసిందిరా. పక్షవాతం వస్తోందనుకున్నాను."

"మరి నాతో చెప్పలేదేమ్మా?"

"చెబితే ఇండియాకి టికెట్ కొని పంపించేస్తావని భయమేసిందిరా."

అంకుల్ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించేసుకున్నారు. నేనే ఫోను తీసి కరెంటు వాళ్ళ ఎమర్జెన్సీ నంబరు కొట్టాను. అవతల ఒకావిడ అడ్రసు అడిగింది, చెప్పాను. ఎవరైనా గోడను తాకారా అంది, తాకారన్నాను. మనిషిని వెంటనే పంపిస్తున్నాం, అందరూ బయటికి వచ్చెయ్యండి, ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారు అని అడిగింది.

సాత్విక నా చున్నీ గట్టిగా పట్టుకుంది. "ముగ్గురని చెప్పవే, నీ కాళ్ళట్టుకుంటాను" అంది గుసగుసగా. దాని వెనక మిగతా నలుగురూ పరుపుల మీద లేచి కూర్చుని నా వైపే చూస్తున్నారు.

"తొమ్మిదిమందిమి" అన్నాను. "కింద ఆరుగురం."