ఆదివారం తలంటు

నాగరత్నం బందరు నుంచి హైదరాబాదు వచ్చింది 1959లో, ఆబిడ్స్‌లో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా. నాంపల్లి స్టేషను వెనక ఒక పెంకుటింట్లో గది అద్దెకు తీసుకుంది. ఇంటావిడ శంకరమ్మ అరవై దాటిన మనిషి, ముందు గదిలో ఒక్కతే ఉండేది. ఆరు నెలల పాటు ఇద్దరి మధ్యా పంపు నీళ్ల గురించీ వీధి తలుపు గడియ గురించీ తప్ప వేరే మాటల్లేవు.

నాగరత్నానిది బిగుసుకుపోయిన ఉంగరాల జుట్టు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మేనత్త చూసుకునేది. ఆవిడ పోయాక, తన తల తను దువ్వుకోవడం తనకు రాదని నాగరత్నానికి ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పొద్దున్నే పొడి జుట్టులో దువ్వెన పెట్టి లాగేది. చిక్కుతో పాటు గుప్పెడు వెంట్రుకలు ఊడి వచ్చేవి.

"పిచుకలు గూడు కట్టుకోవచ్చు నీ తలలో" అంది ఆఫీసులో కమలకుమారి ఒకరోజు. అందరితో పాటు నాగరత్నమూ నవ్వింది. మధ్యాహ్నం మాత్రం క్యారియర్ పట్టుకుపోయి వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింది. ఆ తర్వాత రోజూ అక్కడే తినేది. ఎవరూ రమ్మని పిలవలేదు.

ఒక ఆదివారం పెరట్లో అద్దం ముందు కత్తెర పట్టుకుని కూర్చుంది. శంకరమ్మ చూసి వచ్చింది.

"కత్తెర ఎందుకు బిడ్డా?"

"కోసేద్దామని, పిన్నిగారూ. నా వల్ల కావడం లేదు."

శంకరమ్మ కత్తెర తీసి పక్కన పెట్టింది. "గీ జుట్టును పొడిగున్నప్పుడు ముట్టొద్దు. తడి మీదనే చిక్కు తియ్యాలె. గాడ కూసో."

మందారాకులు నలిపిన జిగురు తలకు పట్టించింది. దువ్వెన జోలికి పోకుండా వేళ్లతోనే, కొసల నుంచి మొదలుపెట్టి పాయ పాయగా పైకి వచ్చింది. తువ్వాలుతో రుద్దనివ్వలేదు, పాత నూలు చీర ముక్కతో అద్దింది. గంటన్నర పట్టింది. నొప్పి లేకుండా తన తలను ఇంకొకరు ముట్టుకుని ఏడాది కావస్తోందని నాగరత్నానికి గుర్తొచ్చింది.

"మీకివన్నీ ఎలా తెలుసు?"

శంకరమ్మ తల మీది కొంగు వెనక్కి జరిపింది. తెల్లగా, దట్టంగా, అవే ఉంగరాలు. "మా ఆయన పోయినంక గిది చూసినోళ్లు లేరు" అంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. మాటలు అప్పుడూ తక్కువే.

మరుసటేడు వానల్లో శంకరమ్మకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానలో పన్నెండు రోజులకే జుట్టు ఉండ కట్టింది. కోసేస్తే సుఖమని ఆయా అంటే నాగరత్నం ఒప్పుకోలేదు. ఆఫీసు వదలగానే చిన్న సీసాలో నూనె పట్టుకుని వెళ్లేది. మంచం పక్కన నిలబడి, ఎంత వీలైతే అంత చిక్కు తీసేది.

"ఎందుకే గీ తిప్పలు? గీ జుట్టు ఎట్లయినా పోయేదే, జర ఇను" అంది శంకరమ్మ ఒకసారి.

"మీరు పడుకోండి" అంది నాగరత్నం. ఒక్క పాయ కూడా పోనివ్వలేదు.

జ్వరం తగ్గాక శంకరమ్మ అన్న కొడుకు సాయన్న జనగామ నుంచి వచ్చి ఆమెను రైల్లో తీసుకుపోయాడు. ముందు గదికి తాళం పడింది.

నెల తర్వాత సాయన్న రాసిన కార్డు వచ్చింది. దవాఖానలో ఉన్నప్పుడే అత్తమ్మ యాదగిరిగుట్టకు మొక్కుకున్నదట, బతికితే తలనీలాలు ఇస్తానని. మొన్న ఇచ్చి వచ్చారు. 'నువ్వంత కష్టపడుతుంటే నీకు చెప్పనీకె ఆమెకు నోరు రాలేదట, బాధపడొద్దన్నది' అని ఉంది.

నాగరత్నం కార్డు రెండుసార్లు చదివింది. మొదట కోపం వచ్చింది. ఆ సాయంత్రాల్లో తను ఒక్కసారైనా ఆమె మాట పూర్తిగా వినలేదని తర్వాత తోచింది.

ఆదివారం తలంటు తనే పోసుకుంది. వెనక పాయలు కనబడవు కనుక తడుముకుంటూ విడదీసింది. రెండు గంటలు పట్టింది. జుట్టు ఆరేదాకా మాట్లాడేందుకు ఎవరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం ఆబిడ్స్ పోస్టాఫీసులో కార్డు కొని శంకరమ్మ పేరు రాసింది. ఒక్క వాక్యం రాసి డబ్బాలో వేసింది.

'పిన్నిగారూ, జుట్టు ఎంత పెరిగింది?'