పర్చూరు రౌటర్‌లో గోంగూర వాసన

పర్చూరులో పత్తి, మిర్చి కొనే కంపెనీ బ్రాంచి ఒకటుంది. అందులో రోజూ పదకొండింటికి అందరూ తుమ్మేవారు. గుంటూరు నుంచి మిర్చి రేట్లు దిగే వేళ అది. రేటుతో పాటు ఘాటూ దిగేది, గోడకున్న రౌటర్ పెట్టెలోంచి. మేనేజరు జయరావు గారు ముక్కు తుడుచుకుని రేట్లు బోర్డు మీద రాయించేవారు.

ఒంటిగంటకు వచ్చే వాసన ఎలీసమ్మ కోసం. ఆమె ఆ ఆఫీసు ఊడ్చే మనిషి. కూతురు రాజ్యం ఏడో నెల కడుపుతో ప్రత్తిపాడులో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని చేస్తోంది. కంపెనీ బ్రాంచి ఒకటి ఆ మిల్లులోనే ఉంది. రాజ్యం క్యారేజీ విప్పగానే గోంగూర, ఎండురొయ్యల వాసన పర్చూరులో గుప్పుమనేది. హమ్మయ్య, తింటోంది నా తల్లి అనుకుని అప్పుడు ఎలీసమ్మ తన గిన్నె ముందు కూర్చునేది. అది రాందే ముద్ద ముట్టేది కాదు, మొండి మనిషి.

రెండువేల ఆరు ఫిబ్రవరిలో కంపెనీ కొత్త లైను తీసుకుంది. డేటాకి దారి చూపే పని ఇక టెలిఫోను వాళ్లదే. బ్రాంచిల్లో రౌటర్లు పీకేసి, ఆఫీసులోని కంప్యూటర్లను కలిపే చిన్న స్విచ్ పెడితే చాలు. గుంటూరు నుంచి కాంట్రాక్టు ఇంజనీరు ముస్తాక్ వచ్చాడు. పది బ్రాంచిలు పూర్తిచేశాడు. ఇవాళ పర్చూరు, రేపు ప్రత్తిపాడు. ఎక్కడా ఆలస్యం చేయకపోతే పర్మనెంటు చేస్తామని హైదరాబాదు ఆఫీసర్ ఆశ పెట్టాడు.

ఒంటిగంటకు కేబుల్ మార్చాలి. ఆఫీసర్ ఫోన్లోనే ఉన్నాడు. ముస్తాక్ చెయ్యి పెట్టబోతుంటే ఎలీసమ్మ చీపురు పట్టుకుని ఎదురొచ్చింది.

"స్విచ్‌లో వాసన వస్తదా నాయనా?"

"రాదమ్మా. అది ఈ గోడలు దాటదు."

"అయితే కాసేపు ఉంచు. ఈ ఒక్కపూటకి నా బిడ్డ తిందో లేదో చూసుకుంటా."

ముస్తాక్ గడియారం చూసుకున్నాడు. పర్మనెంటంటే మాటలా మరి. కానీ ఇంట్లో వాళ్లమ్మ సైదా కూడా కొడుకు తినందే తినదు. ఐదు నిమిషాలు ఆగమని ఫోన్లో బతిమాలాడు, తిట్లు తిన్నాడు. ఐదు కాస్తా పదయింది. గోంగూర జాడ లేదు.

అప్పుడొచ్చింది, కమురు వాసన. పత్తి కమురు. పత్తిలో పడ్డ నిప్పు పొగ చూపించకుండా కుప్పనంతా లోపలే తింటుంది. ఆ వేళకి వాసన వచ్చేది ప్రత్తిపాడు నుంచే. జయరావు గారు ఒక్క గంతులో రెండో ఫోను అందుకుని అక్కడి మిల్లుకి కలిపారు.

"మీ పత్తి అంటుకుంది. ముందు రాజ్యం ఎక్కడుందో చూడండి."

ప్రత్తిపాడు వాళ్లు ఎలా తెలిసిందని అడగలేదు, పరిగెత్తారు. రాజ్యం నీరసంతో క్యారేజీ విప్పకుండానే పత్తి కుప్పకు ఆనుకుని నిద్రపోయింది. ఆమెను అవతలికి లాక్కొచ్చి కుప్ప తవ్వితే, ఆమె వీపు ఆనిన చోటికి మూరెడు లోపల నిప్పు కణకణలాడుతోంది. పిల్ల క్షేమమని ఫోన్లో చెప్పగానే ఎలీసమ్మ నేలమీద చతికిలబడి భోరుమంది.

ముస్తాక్ స్విచ్ బిగించేసరికి ఒకటిన్నర దాటింది. పర్మనెంటు సంగతి మర్చిపొమ్మన్నాడు ఆఫీసర్. బాధపడలేదంటే అబద్ధం, పడ్డాడు. ఫారంలో ఆలస్యానికి కారణం రాయమంటే 'ఎలీసమ్మ గారు అన్నం తినలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం బస్సులో రాజ్యం దిగింది. కాన్పయ్యేదాకా మిల్లు మొహం చూడనంది, ఆకలేస్తోందంది. ఎలీసమ్మ ఆఫీసు అరుగుమీద కూతురి క్యారేజీ విప్పి, అన్నమంతా కలిపి, మొదటి ముద్ద కూతురికి పెట్టింది. గుంటూరు బస్సుకని లేచిన ముస్తాక్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా కడుపు నిలబెట్టావు నాయనా. నీ చేతులు చల్లగుండ. తిను," అని రెండో ముద్ద అతని నోట్లో పెట్టింది.

మూడో ముద్ద తను తింది.