కల్ అంటే ఏ రోజు

రాయపూర్ తెలీబంధా చౌక్‌లో పొద్దున పూట నిలబడితే చెవులు గింగురుమంటాయి. "ధమ్‌తరీ, ధమ్‌తరీ" అని ఒక కండక్టరు, "అభన్‌పూర్, అభన్‌పూర్" అని ఇంకో కండక్టరు. వాళ్ల పక్కనే పసుప్పచ్చ మినీబస్సు ఒకటి ఉంటుంది. దాని కండక్టరు బిసాహు తలుపు మీద చేత్తో బాదుతూ "కల్, కల్, కల్" అని అరుస్తాడు. ఆ బస్సు అభన్‌పూర్ రోడ్డు మీదుగా నిన్నకి వెళ్లి, సాయంత్రానికి ఇవాళ్టికి తిరిగొస్తుంది. ఆరేసిన బట్టలు వానకి తడిపేసుకున్నవాళ్లు, పాలు పొయ్యి మీద మర్చిపోయినవాళ్లు, తోడికోడలితో ఒక మాట ఎక్కువ అనేసినవాళ్లు దాన్ని ఎక్కుతారు. పండగ మర్నాడైతే కాలు పెట్టే సందుండదు.

హిందీలో నిన్నకీ రేపుకీ ఒకటే మాట, కల్. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ భాషలో ఉన్నవాళ్లకి తేడా తెలుస్తుంది. మనవాళ్లకే తిప్పలు. గురునాథంగారు రాయపూర్ వచ్చి పాతికేళ్లయినా, కూతురి పరీక్ష ఫలితం ఒక రోజు ముందే చూద్దామని ఆ బస్సెక్కి, నిన్నలో దిగి, నిన్న తిన్న ఉప్మానే మళ్లీ తిని ఇంటికొచ్చారు. రేపటికి బస్సు లేదా అని బిసాహుని అడిగితే, "దానికి బిల్డర్ దగ్గరికి వెళ్లాలి సాబ్, రేపు అమ్మేది వాళ్లే" అన్నాడట.

ఆ మాట రూతమ్మకి బాగా తెలుసు. ఆమె ముప్ఫయ్యేళ్లు నర్సుగా చేసి రిటైరయింది. మొగుడు దానియేలు రైల్వేలో వ్యాగన్ ఫిట్టరు, ఆయనా రిటైరే. రాజమండ్రి నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చినవాళ్లు. ఇద్దరి కష్టమూ పోగేసి, అభన్‌పూర్ రోడ్డులో లేస్తున్న అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడొందల రెండో నంబరు ఫ్లాటు కొనుక్కున్నారు. గేటు ముందు పెద్ద బోర్డు, అందులో నవ్వుతున్న కుటుంబం, కింద "బస్‌స్టాపుకి రెండు నిమిషాలు" అని రాసి ఉంటుంది. రెండు నిమిషాలు ఎవరికమ్మా, వెంట కుక్క పడినవాడికి. రూతమ్మ నడిస్తే పావుగంట.

సరే, నడుద్దురు గాక. ముందు ఇల్లు ఇవ్వాలి కదా. ఆ బిల్డరుని అందరూ భయ్యాజీ అంటారు. ఆరేళ్ల నుంచి తాళం అడిగిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి చేతులు జోడించి, "చాబీ? కల్, మాతాజీ, కల్" అంటాడు. మొదట్లో గోడలు లేవన్నాడు, నిజమే, లేవు. తరవాత గోడలొచ్చాయి, తలుపులొచ్చాయి, నీళ్లొచ్చాయి. ఏడాది నుంచి ఇల్లు పూర్తయి తాళమేసి ఉంది. ఈలోగా రోడ్డు వెడల్పయింది, రెండు వైపులా అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి, సిటీ బస్సు కూడా వేశారు. చుట్టుపక్కల ధరలు లేచేకొద్దీ భయ్యాజీ నోట్లో కల్ ముదిరిపోయింది. కొత్తవాళ్లు ఎక్కువిస్తామంటుంటే పాతవాళ్లకి తాళం ఎందుకిస్తాడు? ఇలాంటివాణ్ని సభల్లో పిలిచి శాలువాలు కప్పుతారు, అదీ మన ఖర్మ.

ఇప్పుడు ఇంకో గొడవ వచ్చి పడింది. తెలీబంధాలో వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారట. ఆదివారంలోగా ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. దానియేలుకి ఆయాసం. కొత్త అద్దిల్లు వెతికే ఓపికా లేదు, అరవై దాటిన జంటకి ఇచ్చేవాళ్లూ లేరు.

అందుకని శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా రూతమ్మ అపార్ట్‌మెంటు గేటు పక్కనున్న ఆఫీసులో కూర్చుంది. భయ్యాజీ లోపలి గదిలో ఫోన్‌లో ఉన్నాడు. బయట బల్ల దగ్గర నళిని, అక్కడ పనిచేసే శ్రీకాకుళం పిల్ల, రిజిస్టరు తిప్పుతూ కూరల సంగతి చెబుతున్నట్టు తెలుగులో అంది.

"ఆంటీ, నవ్వుతూ వినండి, అద్దంలోంచి చూస్తన్నాడు. మీ మూడొందల రెండుని ఈరోజు మూడింటికి వేరేవాళ్ల పేరున రిజిస్ట్రీ చేసేస్తన్నాడు."

రూతమ్మ నవ్వలేకపోయింది. "మా సంతకాలున్నాయి కదే అమ్మాయ్."

"మీకు ఇంకో బిల్డింగులో ఇస్తాడంట. అది ఇంకా పునాది కూడా తియ్యలేదు ఆంటీ."

రూతమ్మకి ఒళ్లు భగ్గుమంది. లేచి, పిలవకుండానే లోపలికి వెళ్లింది.

"భయ్యాజీ, చాబీ."

"కల్, మాతాజీ."

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. నోటిమాట మా ఆయన నమ్మట్లేదు" అంది తనకొచ్చిన హిందీలో.

ఆయనకి నవ్వొచ్చింది. లెటర్‌హెడ్ కాగితం ఒకటి లాగి, "302 కీ చాబీ, రూతమ్మ కో, కల్", అంటే 302 తాళం రూతమ్మకి కల్, అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, శుక్రవారం తేదీ వేశాడు. ఇస్తాననీ రాయలేదు, ఇచ్చాననీ రాయలేదు. రాస్తే మాటకి దొరికిపోతాడుగా, అందుకని ఆ ముక్క ఎగ్గొట్టాడు. అంత తెలివి.

రూతమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. తరవాత మడిచి రవికలో పెట్టుకుని రోడ్డు మీదకొచ్చి, పదింపావుకి అటుగా వస్తున్న పసుప్పచ్చ బస్సుకి చెయ్యెత్తింది.

"ఎక్కడ దిగాలి అమ్మా?" అన్నాడు బిసాహు.

"ఇక్కడే, ఇదే గేటు దగ్గర. నిన్న."

బస్సు పెట్రోలు బంకు దాకా వెళ్లి, మలుపు తిరిగి, గురువారం పొద్దున గేటు ముందు ఆగింది. గురువారాలు భయ్యాజీ భిలాయి సైటుకి పోతాడు. ఆఫీసులో నళిని ఒక్కతే ఉంది. రూతమ్మ కాగితం ఆమె ముందు పెట్టింది.

నళిని చదివి మొహం పైకెత్తింది. "ఆంటీ, ఇది రేపటి తేదీ కదా."

"అవునమ్మాయ్, రేపే రాశాడు. తాళం కల్ అన్నాడు. శుక్రవారానికి కల్ ఏ రోజు?"

నళిని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "శనివారం అవ్వొచ్చు. ఈరోజైనా అవ్వొచ్చు."

"ఏదో ఆయన రాయలేదు. సంతకం ఆయనదేనా?"

"ఆయనదే. ముద్ర కూడా మాదే."

రోజుకి ఇరవైమందికి ఫోన్‌లో కల్, కల్ అని అబద్ధమాడి ఆ పిల్లకీ నోరు చేదెక్కిపోయింది. సొరుగు లాగి తాళంచెవుల గుత్తి తీసింది. రిజిస్టరులో మూడొందల రెండు ఎదురుగా, అప్పగించిన రోజు గురువారం అని రాసి, కాగితం నకలు అంటించి, రూతమ్మ చేత సంతకం పెట్టించుకుంది.

"ఇప్పుడే ఇల్లు చేరిపోండి ఆంటీ" అంది. "రేపటికి ఉంచకండి."

రూతమ్మ దానియేలుకి ఫోన్ చేసింది. "ఏవండీ, ట్రాలీ ఆటో మాట్లాడి సామాను ఎక్కించండి. తాళం వచ్చింది."

"ఆ మనిషి ఇచ్చాడా?" ఆయనకి నమ్మకం కలగలేదు.

"రాసిచ్చాడు, రేపు."

"అయితే సరే" అన్నాడు దానియేలు.

సాయంత్రం బస్సు ఆమెని శుక్రవారంలో అదే గేటు దగ్గర దించింది. లిఫ్టు ఇంకా రాలేదు, గొయ్యి మాత్రం ఉంది. మెట్లెక్కి మూడో అంతస్తుకి చేరేసరికి మోకాళ్లు పీకేశాయి. తలుపు తెరిచే ఉంది. కిటికీకి పాత దుప్పటి కట్టి ఉంది, మంచం వేసి ఉంది, స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. ఆమెకి ఆ ఇంట్లో అదే మొదటి రోజు. దానియేలుకి మాత్రం రెండో రోజు, అప్పుడే పంపు కారుతోందని విసుక్కుంటున్నాడు.

"మూడింటికి ఒక జంట వచ్చారు" అన్నాడు. "ఇల్లు కొంటున్నారట. అన్నం గిన్నె చూసి, కిందికెళ్లి రిజిస్టరు చూసి, దండం పెట్టి వెళ్లిపోయారు. పాపం మంచివాళ్లే, మంచినీళ్లిచ్చాను."

రూతమ్మ గడప మీద చతికిలపడి ఏడ్చింది. ఆరేళ్లు ఏడవకుండా దాచుకున్నదంతా ఏడ్చింది. దానియేలు పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.

చీకటి పడకముందే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. రూతమ్మ లేచి, తలుపుకి గొలుసు తగిలించి సందులోంచి చూసింది. భయ్యాజీ. వెనక నళిని, చంకలో రిజిస్టరు.

"ఎవరిచ్చారు చాబీ?" అన్నాడు హిందీలో, రొప్పుతూ.

"మీరే" అంది రూతమ్మ. "రాసిచ్చారుగా."

"నేను కల్ అన్నాను."

"కల్ అన్నారు. కల్లే తీసుకున్నాం."

ఆయన రిజిస్టరు లాక్కుని పేజీ తిరగేశాడు. అంటించిన నకలు మీద సంతకం తనదే, ముద్రా తనదే. ఆ కాగితం తీసుకెళ్లి పోలీసులకి చూపిస్తే వాళ్లేమంటారో ఆయనకి తెలియనిది కాదు. గొంతు తగ్గించాడు. "మాతాజీ, తలుపు తియ్యండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఇంకో మంచి ఫ్లాటు ఇస్తాను."

రూతమ్మకి ఇంక హిందీ మాట్లాడాలనిపించలేదు. ఆ భాష చేసిన తప్పేం లేదు, ఇతని నోట విని విని విసుగెత్తిందంతే.

"రేపు రండి" అంది తెలుగులో, తలుపు మూసేసింది.

భయ్యాజీ వెనక్కి తిరిగి, ఏమందని నళినిని అడిగాడు.

"కల్ రమ్మంటున్నారు, సర్."

"ఏ కల్?" అన్నాడాయన. ఆరేళ్లలో ఆ ప్రశ్న అతని నోటి నుంచి రావడం అదే మొదలు.

నళిని ఆయన చేతిలోంచి రిజిస్టరు తీసుకుని చంకలో పెట్టుకుని, ఏమో సర్, నాకు మీరెప్పుడూ చెప్పలేదు కదా అని మెట్లు దిగిపోయింది. లోపల రూతమ్మ అన్నం వార్చడానికి స్టవ్ దగ్గరికి వెళ్లింది.