ఎడమకు తిరిగిన ముడి

కాఫీపొడి పొట్లం విప్పబోతే ముడి ఎడమకు తిరిగి ఉంది.

దారం కొస పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పొయ్యి మీద నీళ్ళు మరిగి సగమయ్యాయి. మా నందికొట్కూరు అంగట్లో కాఫీపొడి అమ్మరు. కొత్తగా పెట్టిన కర్నూలు అంగట్లోనే దంచి, అక్కడే కట్టి అమ్ముతారు. నిన్న మా ఆయన పుల్లయ్య తెచ్చిన పొట్లం ఇది. కాఫీపొడి తప్ప మా మూడు అంగళ్ళకూ ప్రతి పొట్లం కట్టేది నేనే. ఎద్దులబండి ఎంత కుదిపినా ఊడదు, కొస పట్టి లాగితే ఇట్టే విడిపోతుంది, అలాంటి ముడి నాది. నాది ఎడమచేతి వాటం కాబట్టి అది ఎడమకు తిరుగుతుంది. పెళ్ళైన కొత్తలో నేను మా ఆయన వేళ్ళు పట్టుకుని నేర్పబోతే ఆయన నాలుగుసార్లు చిక్కు వేసి, "నాకు చేతకాదులేమ్మే" అని నవ్వేశాడు. నేనూ నవ్వాను. మా కాపురంలో అంత దగ్గరగా కూర్చుని నవ్వుకున్నది అప్పుడే.

చేతకాదన్న మనిషి ఇప్పుడు ఇంకెవరి వేళ్ళు పట్టుకుని నేర్పాడు?

ఎవరివో నాకు తెలుసు. రత్నమణివి. కర్నూలు అంగట్లో జీతానికి పెట్టుకున్న పిల్ల, క్రైస్తవ మిషన్ బడిలో చదువుకుంది. ఆ పేరు మా ఇంట్లో ఉప్పు కంటే ఎక్కువ వాడకంలో ఉంది. అన్నం కలుపుకుంటూ, "రత్నమణి నిలబడినాంక ఆడోళ్ళు జంకు లేకుండా లోపలికి వస్తాండారు" అంటాడు. కాళ్ళు కడుక్కుంటూ, "రత్నమణి నవ్వితే బేరం సగం తెగినట్టే" అంటాడు. నేను మజ్జిగ పోస్తూ వింటాను. ఆ నవ్వు ఎలా ఉంటుందో, పళ్ళు వరసగా ఉంటాయో లేదో, నేను ఊహించని రోజు లేదు.

నందికొట్కూరుది గద్దె అంగడి. మామగారి కాలం నుంచీ అంతే. గద్దె మీద గల్లా ముందు మా ఆయన, కింద వీధిలో జనం. అడిగింది కొలిచి పోస్తారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఆయన పొలానికి పోయిన పూట గద్దె మీద కూర్చుని ఒక ముసలాయనకు బెల్లం అందించాను, అలవాటు కొద్దీ ఎడమచేత్తో. ఆయన తీసుకోకుండా పోయాడు. మా అత్త నాగలక్ష్మమ్మ వీధిలోకి వినపడేలా అంది: "ఆ చెయ్యి జనం కంట పడనీయాకు తల్లీ. అంగడి మూతపడతాది." మా ఆయన నన్ను వెనక కొట్టుగదిలోకి పంపాడు. "ఈడ కూర్చోని కట్టు. ఈడైతే ఎవురూ చూడరు" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

తర్వాత మా అత్త మంత్రాలయం యాత్రకు పోయింది. ఒక్క మనిషికి వండుకునే కొలతలు ఆమెకు తెలియవని, ఒక పూటకు కావలసిన బియ్యం, కందిబేడలు, చింతపండు, మిరపకాయలు, ఉప్పు విడివిడిగా కట్టి, అన్నీ ఒకే పొట్లంలో పెట్టి ఇచ్చాను. పొయ్యి రాజేసి పొట్లం విప్పుకుంటే చాలు. సత్రంలో తోటి యాత్రికులు అవి చూసి, "యాడ కొన్నావవ్వా?" అని వెంటపడ్డారట. ఆర్నెల్లలో మా ఆయన అక్కడ పొట్లాల అంగడి పెట్టాడు. పూట పొట్లం, పండగ పొట్లం, ఉపవాసం పొట్లం. జనం ఎగబడ్డారు. ఈ ఉపాయం ఎలా తట్టిందని ఎవరైనా అడిగితే చేతులు జోడించి, "స్వామి కలలో కనపడి చెప్పినాడప్పా" అనడం మొదలుపెట్టాడు. కలలో కనపడిన స్వామి చేతులకు దారం కోసిన గాట్లు ఉన్నాయో లేదో ఎవరూ అడగలేదు.

ఆ లాభంతోనే కర్నూలు అంగడి లేచింది. మెట్లెక్కి లోపలికి పోయి, అరల మధ్య తిరిగి, కావలసిన పొట్లం ఎవరికి వారే చేత్తో తీసుకోవచ్చట. ఇదీ నేను విన్నదే. నేను కట్టినవి నిండిన ఆ గదిని నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి ఉదయం మా ఆయన తొలి బస్సుకు పోయాక, పొట్లాల గంపలతో పాటు నేనూ కర్నూలు బస్సెక్కాను.

"యాడికి పోతాండావు?" అంది అత్త.

"దోవలో పొట్లాలు చితికిపోతాండాయంట. చూసొస్తా."

కోట బురుజు దాటి రెండో వీధిలో అంగడి. మెట్ల కింద నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని లోపలికి చూశాను. గోడ పొడుగునా అరలు, అరల నిండా నా ముడులు. వాటి మధ్య తెల్లచీర మనిషి. నేను ఊహించినంత అందగత్తె కాదు. దానితో మంట తగ్గలేదు, పెరిగింది. ఆమె గల్లా ముందు, వెలుగులో, అందరి కళ్ళ ముందూ నిలబడి ఉంది. ఒక పెద్దింటి ఆవిడ పొట్లం అడిగింది. రత్నమణి అరలోంచి తీసి అందించింది.

ఎడమచేత్తో.

ఆవిడ తీసుకుంది. కూతురితో ఏదో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. ఆకాశం విరిగి పడలేదు. అంగడి మూతపడలేదు. మా ఆయన పక్కనే ఉన్నాడు, చూశాడు, పట్టించుకోలేదు.

మొగుణ్ణి పంచుకున్నా ఇంత మండి ఉండదు. ఏ ఎడమచేతి వాటం ఉందని నన్ను చీకటి గదిలోకి నెట్టాడో, అదే వాటం ఉన్న మనిషిని గల్లా దగ్గర వెలుగులో నిలబెట్టాడు. పైగా జీతమిచ్చి.

ఆయన గిడ్డంగిలోకి పోయాక మెట్లెక్కాను. కాఫీపొడి పొట్లం ఆమె ముందు పెట్టాను.

"ఈ ముడి నీకు ఎవురు నేర్పినారు?"

ఆమె నా మొహం చూడలేదు. పొట్లం పట్టుకున్న నా ఎడమచెయ్యిని చూసింది.

"నువ్వేనా అక్కా?" అంది మెల్లగా. "ఎవురూ నేర్పలేదు. ఈడికి వచ్చే పొట్లాలు విప్పి చూసి నేర్చుకున్నా. మిగతా పనోళ్ళకు రాలేదు, నా చేతికి వచ్చింది. ఎవురో నాలాంటిది ఉండాదని అప్పుడే అనుకున్నా. ఎవురు కడతారని అయ్యను అడిగితే..." ఆగిపోయింది.

"అడిగితే?"

"కూలోళ్ళు అన్నాడు."

నేను ఏదో ఒకటి అనేలోపే మా ఆయన గొంతు వినపడింది. వెంట ఒక బట్టతల పెద్దమనిషి. పేరు దాసన్న, కడపలో బజారు వీధి ఇల్లు ఆయనదే. ఆ ఇల్లు బాడుగకు ఇస్తే నాలుగో అంగడి కడపలో పెట్టాలని మా ఆయన ఏడాదిగా తిరుగుతున్నాడు. నన్ను చూసి మా ఆయన మొహం మాడిపోయింది. "మా ఇంటామె" అని దాసన్నకు చెప్పి, నాకు మాత్రం గొంతు తగ్గించి, "నువ్వు ఈడేం చేస్తాండావు? లోపలికి పో" అన్నాడు.

దాసన్న పూట పొట్లం ఒకటి తీసి, కొస లాగి, విడిపోతే చిన్నపిల్లాడిలా నవ్వాడు. "భలే ఉండాదే. ఏదీ, నా కళ్ళ ముందర ఒకటి కట్టు పుల్లయ్యప్పా."

మా ఆయన రత్నమణి వైపు చూశాడు. ఆమె దారం ఉండ తీసింది. ఇది కూడా ఆమెకే పోతుందనుకున్నాను. ఆమె దారం నా ముందు పెట్టి, తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

జాలి చూపిస్తోందా అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను. కానీ దారం తీసుకున్నాను. పొట్లం కట్టి దాసన్న ముందుకు చాచాను, ఎడమచేత్తోనే.

"కుడిచెయ్యి," అన్నాడు మా ఆయన పళ్ళ సందునుంచి.

నేను మార్చలేదు. దాసన్న పొట్లం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, అరల నిండా ఉన్న ముడులు చూశాడు, మా ఆయన్ని చూశాడు.

"పుల్లయ్యప్పా, కలలో కనపడిన స్వామికి గాజులుండినాయా?"

రత్నమణి అటు తిరిగి నవ్వు దాచుకుంది. పళ్ళు వరసగానే ఉన్నాయి. నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది, అది అంత తొందరగా పోయేది కాదు. కానీ మొదటిసారి ఆ కుళ్ళులో దారి కనపడింది. ఆమె నిలబడిన చోటు నాకు కావాలి. ఆమెను తోసేసి కాదు. అలాంటిదే ఇంకొకటి.

"ఇల్లు ఇస్తా," అన్నాడు దాసన్న. "గల్లా కాడ ఎవురు కూర్చుంటారు?"

"నేను," అన్నాను.

ఇంటికి పోయే బస్సులో మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. కర్నూలు పొలిమేర దాటాక, గొంతు బాగా మెత్తగా చేసుకుని అన్నాడు.

"నువ్వు కడపలో కూర్చుంటే, నాలుగు అంగళ్ళకూ పొట్లాలు కట్టేది ఎవురే?"

"కలలో చెప్పిపోయినాయన ఉండాడు కదా," అన్నాను. "ఇంటికి పోతానే పండుకో. వచ్చి కడతాడేమో చూద్దాం."