నుమాయిష్ జ్వరం

బాపమ్మ నళినమ్మ పిలిస్తే మనవరాలు లహరి పలకలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. మంచం మీది ఏడేళ్ల పిల్ల కిటికీ వైపే చూస్తూ ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మెడ నుంచి మోచేతుల దాకా దద్దుర్లు. నిద్ర కాదు, అలక కాదు. అలిగితే ఆ పిల్ల మూతి ఎట్లా ముడుచుకుంటుందో నళినమ్మకు తెలియదా! చేయి పట్టి కదిపితే గాని ఇటు తిరగలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోని ఆ పిల్లల దవాఖానకు వాళ్లు వచ్చి వారం కావస్తోంది. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కుతోంది. సూదులు మార్చారు, సెలైన్లు ఎక్కించారు, పిల్ల చేతులు జల్లెడ అయ్యేలా రక్తం తీశారు. ఏ పరీక్షలోనూ క్రిమి జాడ లేదు. ఒళ్లు కాలిపోతుంటే చూడలేక నళినమ్మ ఏసీ ఇంకా పెంచమని నర్సును బతిమాలేది, తడిగుడ్డతో నిలువెల్లా తుడిచేది. జ్వరానికి ఆమె ఎరిగిన వైద్యం అదే. కొడుకు కరుణాకర్‌ను అట్లాగే సాకింది, అంతకు ముందు మొగుడు శ్రీపతికీ అదే చేసింది.

మధ్యాహ్నం డాక్టర్ కేథరిన్ చెవి పరీక్ష కాగితాలు పట్టుకుని వచ్చింది. చిన్న వయసు, నిదానం మనిషి. కోడలు మృదులను, నళినమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పిల్లకు వినికిడి తగ్గుతోందని చెప్పింది. మృదుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ చెప్పింది నళినమ్మ చెవులప్పగించి విన్నది. మన ఒంటి కణాల్లో కాస్పేజ్ అనే ఎంజైము ఉంటుందట, కత్తెర లాంటిది. మామూలప్పుడు మూసుకుని ఉంటుంది. క్రిమి చొరబడితే తెరుచుకుని, జ్వరం తెప్పించే ఒక పదార్థాన్ని కత్తిరించి ఊరంతా చాటింపు వేసినట్టు బయటికి వదులుతుంది. అవసరమైతే క్రిమి దాక్కున్న కణాన్నే పగలగొట్టేస్తుంది. అది లేకపోతే చాలా క్రిములు మన మీద గెలుస్తాయి. కానీ కొందరిలో పుట్టుకతోనే ఆ కత్తెర ఊరికే తెరుచుకుంటుందట. అప్పుడు ఒళ్లు తనను తానే కాల్చుకుంటుంది. కీళ్లు, కళ్లు, చెవి లోపలి నరాలు, దేన్నీ వదలదు.

"అంటే దొంగ లేకుండనే వాచ్‌మన్ విజిల్ కొట్టినట్టా డాక్టరమ్మా?"

"ఔ పెద్దమ్మా. ఆ చాటింపును ఆపే సూది ఉంది. కని దొంగ నిజంగనే యాడన్న దాక్కొని ఉంటే, నేను వాచ్‌మన్ నోరు మూసినట్టయితది. పిల్ల ప్రాణం మీదికొస్తది. ఇయ్యకుంటే చెవులు పోతయి. పోయినయంటే మళ్ల రావు."

జన్యు పరీక్ష ఫలితం రావడానికి వారాలు పడుతుంది. అంతవరకు చెవులు ఆగవు. ఇది వంశంలో నడిచే రోగం, ఇంట్లో ఇంకొకరికి ఉందంటే సూది ఇవ్వడానికి తనకు ధైర్యం వస్తుందని చెప్పి, మొదటి రోజు అడిగినదే డాక్టరమ్మ మళ్లీ అడిగింది. మాటిమాటికీ జ్వరాలు వచ్చే రోగం ఎవరికైనా ఉందా? అత్తాకోడళ్లు ఇద్దరూ లేదనే చెప్పారు. నళినమ్మ అబద్ధమాడే మనిషి కాదు. వాళ్లింట్లో రోగిష్టివాళ్లు నిజంగానే లేరు. సాయంత్రం లోపల ఏదో ఒకటి తేల్చాలని చెప్పి డాక్టరమ్మ పక్క వార్డుకు వెళ్లింది.

మృదుల మంచం కోడు పట్టుకుని ఏడుస్తుంటే నళినమ్మ వీపు నిమిరింది.

"ఊకో బిడ్డా. గా నుమాయిష్ జ్వరమే మూడొద్దులకు దిగుతది. ఇది దిగకపోతదా?"

"నుమాయిష్ జ్వరమేంది అత్తమ్మా?"

అదేమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. మృదులకైతే మొగుడు ఎప్పుడూ దుమ్ము పడలేదనే చెప్పాడు. వాళ్లకు ఆబిడ్స్‌లో పింగాణీ సామాన్ల దుకాణం. జాడీలు, కప్పులు, సాసర్లు. ఏటా జనవరి వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే నుమాయిష్‌లో స్టాలు పెట్టాల్సిందే. శ్రీపతి తండ్రి నాటి నుంచీ అదే ఆనవాయితీ. పొద్దుగూకాక చల్లగాలిలో కూర్చుని బేరాలాడి ఇంటికొస్తే మగవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, కీళ్ల నొప్పులు. దుమ్ము పడలేదనేవారు. మిరపకాయ బజ్జీల నూనె మంచిది కాదనేవారు. తడిగుడ్డ వేసుకుని పడుకుని, తగ్గగానే మళ్లీ స్టాలుకు పోయేవారు. దాన్ని రోగమని ఎవరనుకున్నారు? నుమాయిష్ అన్నాక నుమాయిష్ జ్వరం ఉంటుంది.

నళినమ్మ ఇదంతా ఓదార్పుగానే చెబుతోంది. మృదుల ఏడుపు ఆగిపోయింది.

"మామయ్యకు చెవులు ఎందుకు పోయినయి?" అని మెల్లగా అడిగింది.

"గా మైకుల వల్లనే బిడ్డా. ఏండ్లకేండ్లు స్టాలు నెత్తి మీదనే మైకు..."

నళినమ్మకు పక్క స్టాలు గాజులాయన గుర్తొచ్చాడు. అతను కూడా అదే మైకు కింద జీవితమంతా కూర్చున్నాడు. ఈనాటికీ గుసగుసలు సైతం వింటాడు.

మృదుల లేచింది. డాక్టరమ్మ కోసం వరండాలోకి పరిగెత్తింది. నళినమ్మ ఫోను తీసి కొడుక్కు కలిపింది.

"స్టాలు గట్లనే ఇడిసిపెట్టి రా కొడుకా. జల్దీ రా."

మైదానం ఎంత దూరమని. కరుణాకర్ మఫ్లర్ చుట్టుకుని, ఆయాసపడుతూ వచ్చాడు. నిన్న చాలాసేపు స్టాలులో కూర్చున్నవాడు. డాక్టరమ్మ చొక్కా చేతులు పైకి మడవమంది. మోచేతుల మీద లహరి ఒంటి మీద ఉన్న దద్దుర్లే, అదే ఎరుపు. జర దుమ్ము పడలే అంతే, అన్నాడతను అలవాటుగా.

వానలో తడిస్తే వస్తుందా అని అడిగింది డాక్టరమ్మ. వస్తుందన్నాడు. ఎండాకాలంలో? ఎప్పుడూ రాలేదన్నాడు. ఆమె నేరుగా వెళ్లి ఏసీ ఆపేసింది, ఈ రోగాన్ని నిద్రలేపేది చలేనని చెప్పింది. నళినమ్మ చేతిలోని తడిగుడ్డను ఎక్కడ దాచాలో తెలియక కొంగు కింద పిడికిట్లో బిగించుకుంది. అది గమనించింది కోడలే. ఆ పిడికిలి విప్పి గుడ్డ తీసుకుని, దుప్పటి అందించింది.

"కప్పుండ్రి అత్తమ్మా."

సూది మొదలుపెట్టారు. ఆ రాత్రంతా దొంగ భయం ఎవరినీ వదల్లేదు. జ్వరం ఎక్కితే చాటింపు ఆపడం తప్పయినట్టే. తెల్లవారేసరికి పిల్ల ఒళ్లు చల్లబడింది, దద్దుర్లు ఆనవాలు లేకుండా మాయమయ్యాయి. చెవుల సంగతి మాత్రం చూడాలన్నారు. రోజూ సూది వేస్తూ, చూస్తూ ఉండడమే.

ఇంటికి పంపేముందు ఒక పొద్దున నళినమ్మ మంచం వెనక నిలబడి, పిల్లకు కనబడకుండా, తగ్గు గొంతుతో పిలిచింది. లహరి తల తిప్పింది.

"ఏంది బాపమ్మా?"

మృదుల కూతుర్ని హత్తుకుంది. కరుణాకర్ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటున్నాడు. నళినమ్మకు ఏం తోచిందో, కొడుకు వెనకగా వచ్చి నిలబడి, అదే తగ్గు గొంతుతో పిలిచింది.

"కొడుకా."

అతను కూతుర్నే చూస్తూ ఉన్నాడు. ఆమె మళ్లీ పిలిచింది. మృదుల తలెత్తి అత్తను చూసింది, తర్వాత మొగుడిని చూసింది. లేచి అతని చేయి పట్టుకుని, ఏమైందని అతను అడుగుతున్నా వినకుండా, డాక్టరమ్మ గది వైపు నడిపించింది.