పదకొండు లారీల మీద ఒకే ముఖం

కుంచెలు కిరోసిన్‌లో కడుగుతున్నాను. మా ఆయన ఖాదర్ చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడి, "ఎవలామె?" అన్నాడు. అత్తమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది.

సకల జనుల సమ్మెకు కేసముద్రం మార్కెట్ యార్డు మూతపడి వారమైంది. ఎప్పుడూ తలో ఊళ్లో ఉండే పదకొండు లారీలు మొదటిసారి వరసగా ఆగాయి. అన్నిటి వెనక తలుపుల మీదా ప్రవక్తను ఆకాశానికి మోసిన బురాఖ్: గుర్రం ఒళ్లు, రెక్కలు, నెమలి తోక, ఆడమనిషి ముఖం. దారిలో ఆపద రాదని హిందూ ఓనర్లూ వేయించుకుంటారు. ఒళ్లు, రెక్కలు, అక్షరాలు ఖాదర్ వేస్తాడు. ముఖం ఆయనకు రాదు. తలుపు రేకు ఇంటికి తెస్తే అన్నం ఉడికేలోపు ముఖం నేను వేస్తాను. పన్నెండేళ్లుగా ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు.

టీ కొట్టు దగ్గర లారీ ఓనరు రాజమల్లు అందరి ముందూ అడిగాడట: "ఖాదర్ భాయ్, పదకొండు బండ్లకు గీమె ఒక్కతేనాయె. ఎవలే? మా చెల్లెకు ఎరుకేనా?" చెల్లె అంటే నేనే. ఆ ముఖాలు తన భార్య వేసిందని చెప్పలేక ఖాదర్ అందరితోపాటు నవ్వి వచ్చాడు.

ఇంట్లో సోదా మొదలైంది. ఎవరి ఫోటో దాచానోనని నా ట్రంకుపెట్టె మంచం మీద గుమ్మరించాడు. సొంత ముఖమే వేసుకుంటుందేమో, మగవాళ్లు చూడాలని, అంది అత్తమ్మ. ఖాదర్ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. "గది గీమె మొఖం కాదు," అన్నాడు తల్లితో.

నాకు ఊరట కలగాలి. అనుమానం కలిగింది. మరి ఎవరిని వేస్తున్నాను నేను? చెయ్యి దానంతటదే ఆ కళ్లు, ఆ చిన్న గడ్డం గీసేస్తుంది. లేక ఈయనే మనసులో ఎవరినో దాచుకుని, అది బయటపడకముందే నన్ను అనుమానిస్తున్నాడా?

మర్నాడు పొద్దున రంగు గీకే రేకు నా చేతికిచ్చి యార్డుకు తీసుకెళ్లాడు. సమ్మె అయిపోయేలోపు అన్ని ముఖాలూ గీకేయాలట. ఆ తర్వాత నేను కుంచె ముట్టకూడదట.

ఒడిలో పెట్టుకుని వేయడమే తప్ప, నా ముఖాల్ని దూరం నుంచి నేనెన్నడూ చూడలేదు. పది అడుగుల దూరంలో ఆగిపోయాను. ఆ ముఖం ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. నిఖా అయ్యాక జల్వా వేడుకలో మా ఇద్దరి మీదా ఎర్ర దుపట్టా కప్పి, మధ్యలో అద్దం పెట్టారు. పెళ్లికూతురి ముఖాన్ని పెళ్లికొడుకు మొదటిసారి చూసేది ఆ అద్దంలోనే. కళ్లు దించుకోవాలని అమ్మ చెప్పినా, ఒక్కసారి ఎత్తి నన్ను నేను చూసుకున్నాను. ఆయనా చూశాడు.

"ఇప్పుడన్న చెప్పు," అన్నాడు ఖాదర్. "ఎవలామె? నాకు తెలిసినామేనా?"

గీకే రేకు తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

"నేను గీక. మీకు తెల్వదు ఆమె," అన్నాను. "మీతోని నిఖా అయిన పిల్ల."